మోడెమ్ చెప్పే గరిష్ఠ వేగం, గదికి అందే వేగం

ఢిల్లీ కరోల్ బాగ్‌లో తెలుగు వినిపించడం కొత్తేమీ కాదు. సివిల్స్ రాయాలని ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి వచ్చే యువత ఏళ్ల తరబడి ఆ పేట సందుల్లోనూ, పూసా రోడ్డు అవతలి ఓల్డ్ రాజిందర్ నగర్‌లోనూ గదులు అద్దెకు తీసుకుని చదువుకుంటున్నారు. అద్దె, మెస్సు, కోచింగ్ ఫీజుల తర్వాత ఆ గదుల ఖర్చులో ఇప్పుడు ఇంటర్నెట్ కూడా ఒక పద్దు. పాఠాలు వినడం, మాక్ టెస్టులు రాయడం, కాగితం మీద రాసిన జవాబులను స్కాన్ చేసి పంపడం, అన్నీ దాని మీదే నడుస్తాయి.

అలాంటి ఒక గదిని ఊహించుకోవచ్చు. ముగ్గురు కలిసి 100 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్నారు. రాత్రి ఎనిమిదింటికి పాఠం మధ్యలో బొమ్మ బిగుసుకుపోయింది. ఒకరు ఫోన్‌లో వైఫై వివరాలు తెరిస్తే లింక్ స్పీడ్ 72 అని ఉంది. ఇంకొకరు స్పీడ్ టెస్ట్ చేస్తే 38 వచ్చింది. మూడో వ్యక్తి ల్యాప్‌టాప్‌లో ఫైలు దించుకుంటుంటే అక్కడ 4.7 కనిపిస్తోంది. గోడకు తగిలించిన ఫైబర్ పెట్టె వివరాలు వెదికితే దాని సామర్థ్యం 2488 అని ఉంది. లైన్ చూడటానికి వచ్చిన కుర్రాడు పెట్టె పక్కనే నిలబడి తన ఫోన్‌లో 90 చూపించి, "లైన్ ఠీక్ హై భయ్యా" అని, 300 ప్లాన్‌కి మారితే ఇంకా బాగుంటుందని సలహా ఇచ్చి వెళ్లిపోయాడు.

ఈ అయిదు అంకెల్లో ఒక్కటీ అబద్ధం కాదు. ఒక్కొక్కటీ ఒక్కో చోటి సంగతి చెబుతోంది. కొన్ని కొలిచి చెప్పినవి, కొన్ని లెక్కగట్టి చెప్పినవి, ఒకటి అయితే కేవలం ఆ పరికరం ఏ జాతిదో చెప్పే అంకె. నెలనెలా ఎక్కువ డబ్బు కట్టాలా వద్దా అన్నది తేలాలంటే ముందు వీటిని విడదీసి చదవడం రావాలి.

రాగి తీగ నేర్పిన పాఠం

గరిష్ఠ వేగం, అసలు వేగం అనే జంట అంకెలు మన ఇళ్లలోకి వచ్చింది టెలిఫోన్ తీగ మీద నడిచే డీఎస్ఎల్ మోడెమ్‌లతో. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ అందుబాటులోకి తెచ్చినప్పుడు ఫోన్ డయల్ చేసి కలపాలి. ఆ పద్ధతి బాగా ముదిరాక కూడా సెకనుకు 56 కిలోబిట్లు దాటలేదు. 2004లో కేంద్రం ప్రకటించిన బ్రాడ్‌బ్యాండ్ విధానం 256 కేబీపీఎస్ ఉంటే దాన్ని బ్రాడ్‌బ్యాండ్ అనవచ్చని చెప్పింది. మరుసటి ఏడాది ఢిల్లీ, ముంబయిల్లో ఎంటీఎన్ఎల్, మిగతా దేశంలో బీఎస్ఎన్ఎల్ మామూలు టెలిఫోన్ తీగ మీదే ఆ సేవ మొదలుపెట్టాయి. ఆ నిర్వచనం 2013లో 512 కేబీపీఎస్‌కి, 2023లో 2 ఎంబీపీఎస్‌కి పెరిగింది.

ఆ రోజుల మోడెమ్ లోపలి పేజీ తెరిస్తే రెండు వరుసలు కనిపించేవి. ఒకటి ఎటైనబుల్ రేట్, అంటే అందుకోగల వేగం. రెండోది యాక్చువల్ రేట్, అంటే ప్రస్తుతం కుదిరిన వేగం. మొదటి దాని ఎదుట 14 వేలు, రెండో దాని ఎదుట 2 వేల పైచిలుకు కిలోబిట్లు ఉంటే చూసినవారికి సహజంగానే కోపం వచ్చేది. 14 ఇవ్వగలిగి 2 ఇస్తున్నారన్నమాట! ఆ కోపం సగమే న్యాయం. ఆ 14 వేలు ఎక్కడో దాచి ఉంచిన సరుకు కాదు, ఒక అంచనా. అది ఎలా పుడుతుందో చూస్తే తర్వాత వచ్చిన ఫైబర్, వైఫైల సంగతి కూడా సులువుగా అర్థమవుతుంది.

మనిషి మాట ఫోన్‌లో వినిపించడానికి సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్ దాకా ఉండే సన్నని పట్టీ చాలు. అదే రాగి తీగ అంతకంటే ఎంతో పై పౌనఃపున్యాలను కూడా కొంత దూరం మోయగలదు. ఏడీఎస్ఎల్2 ప్లస్ అనే ప్రమాణం 2.2 మెగాహెర్ట్జ్ వరకు వాడుకుంటుంది. ఆ మొత్తాన్నీ ఒకే దారిగా వాడదు. 4.3125 కిలోహెర్ట్జ్ వెడల్పున్న 512 సన్నని దారులుగా కోస్తుంది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ సియోఫీ ఈ పద్ధతిని ఆచరణలోకి తెచ్చినవారిలో ముఖ్యుడు.

కరోల్ బాగ్ బజారులో మూటలు మోసే కూలీలను తలచుకుంటే ఇది తేలిక. 512 మంది వరసగా నిలబడ్డారు. ప్రతి ఒక్కరూ సెకనుకు 4000 సార్లు మూట అందుకుంటారు. ఒక్కో విడతకి ఒక్కొక్కరు మోయగలిగేది గరిష్ఠంగా 15 బిట్లు. కానీ అందరి బలం ఒకటి కాదు. ఒకరు 12 మోస్తే ఇంకొకరు 4 మోస్తారు, వరస చివర నిలబడ్డవారు అసలు మోయలేరు. మోడెమ్ ఆన్ చేసిన వెంటనే డీఎస్ఎల్ దీపం కాసేపు మిణుకుమిణుకుమంటుందే, ఆ సమయంలో జరిగేది ఇదే. ఇంటి మోడెమ్, ఎక్స్ఛేంజిలోని యంత్రం కలిసి ఒక్కో కూలీనీ పిలిచి బలం పరీక్షించి ఎవరి నెత్తిన ఎంత పెట్టాలో పట్టిక రాసుకుంటాయి.

ఆదర్శంగా లెక్క వేస్తే, మాటకీ అప్‌లోడ్‌కీ వదిలినవి పోగా డౌన్‌లోడ్‌కి దాదాపు 480 దారులు మిగులుతాయి. 480ని 15తోనూ, వచ్చినదాన్ని 4000తోనూ హెచ్చవేస్తే సెకనుకు 2 కోట్ల 88 లక్షల బిట్లు, అంటే 28.8 ఎంబీపీఎస్. మోడెమ్ పెట్టె మీద అచ్చువేసిన 24 ఇలాంటి ఆదర్శానికి కాస్త దిగువన నిలిచిన అంకె. అది ఏ ఇంటినీ చూసి వేసినది కాదు.

ఇంట్లో ఆ కూలీల బలాన్ని నిర్ణయించేవి రెండు. ఒకటి తీగ పొడవు. దూరం పెరిగేకొద్దీ సంకేతం క్షీణిస్తుంది. పై పౌనఃపున్యాలు మరీ త్వరగా క్షీణిస్తాయి. మోడెమ్ పేజీలో లైన్ ఎటెన్యుయేషన్ అని డెసిబెల్‌లలో ఉండేది ఈ నష్టమే. స్థూలంగా చెప్పాలంటే ఎక్స్ఛేంజికి కిలోమీటరు లోపు ఉన్న ఇంటికి 20 ఎంబీపీఎస్ దాకా రావచ్చు, మూడు కిలోమీటర్ల దగ్గర అది 10 లోపుకి పడిపోతుంది, అయిదు దాటితే రెండో మూడో మిగులుతాయి. ఇక్కడ దూరం అంటే పటంలో గీత గీసి కొలిచేది కాదు. స్తంభాలూ, నేల కింది గొట్టాలూ, జంక్షన్ పెట్టెలూ చుట్టి వచ్చిన తీగ అసలు పొడవు.

రెండోది రొద. ఎంత రొదలో ఎంత సమాచారం పంపగలమన్న ప్రశ్నకి 1948లో బెల్ ప్రయోగశాలలోని క్లాడ్ షానన్ గణితంతో జవాబు చెప్పాడు. దారి వెడల్పు రెట్టింపైతే సామర్థ్యం రెట్టింపవుతుంది. రొదతో పోలిస్తే సంకేతం బలం రెట్టింపైతే మాత్రం అంత రాదు, స్థూలంగా ఒక్కో దారిలో విడతకి ఒక్క బిట్టు అదనం. ఇంజనీర్ల భాషలో రెట్టింపు అంటే 3 డెసిబెల్‌లు. కాబట్టి 300 దారులు పనిచేస్తున్న లైన్‌లో రొద 3 డెసిబెల్‌లు పెరిగితే ఒక్కో దారిలో ఒక్కో బిట్టు పోయి, 300ని 4000తో హెచ్చవేసినంత, అంటే 1.2 ఎంబీపీఎస్ ఆవిరవుతుంది.

ఈ రొద ఎక్కడినుంచో రానక్కర్లేదు. ఇంట్లోని నాసిరకం ఛార్జరు, ఫ్యాను రెగ్యులేటరు, వానకి తడిసి తుప్పుపట్టిన అతుకు చాలు. అన్నిటికన్నా పెద్దది పక్క తీగల గోల. ఒకే కేబుల్‌లో పక్కపక్కనే పడుకుని వచ్చే జంట తీగల్లో ఒకదాని సంకేతం ఇంకొకదానిలోకి కొద్దికొద్దిగా కారుతుంది. వీధిలో నలుగురు కొత్తగా కనెక్షన్ తీసుకుంటే అయిదో ఇంటివారి గరిష్ఠ వేగం వాళ్ల ప్రమేయం లేకుండానే తగ్గుతుంది. ఈ గోలను తగ్గించే ఆలోచన బెల్‌కోర్ సంస్థలో పనిచేసిన జోసెఫ్ లెక్‌లైడర్‌ది. రెండు దిశల్లోనూ సమాన వేగం కోసం పట్టుబట్టకుండా ఇంటివైపు వచ్చేదానికి ఎక్కువ, ఇంటినుంచి వెళ్లేదానికి తక్కువ కేటాయిస్తే తీగల మధ్య పోరు తగ్గుతుందని ఆయన చూపించాడు. ఏడీఎస్ఎల్ పేరులో మొదటి అక్షరం ఆ అసమానతదే. అప్‌లోడ్ ఎందుకంత తక్కువని విసుక్కున్నవాళ్లలో చాలామందికి ఆ త్యాగం వల్లే డౌన్‌లోడ్ వచ్చిందని తెలియదు.

రొద నిమిష నిమిషానికీ మారుతుంది గనుక మోడెమ్ కూలీల నెత్తిన పూర్తి బరువు పెట్టదు. సాధారణంగా 6 డెసిబెల్‌ల మిగులు ఉంచుకుంటుంది. అదే ఎస్ఎన్ఆర్ మార్జిన్. ఇప్పుడు గరిష్ఠ వేగం అనే అంకె అర్థం స్పష్టమవుతుంది: ఈ క్షణంలో ఉన్న తీగ పొడవుకి, ఈ క్షణంలో ఉన్న రొదకి, అనుకున్న మిగులు ఉంచి ప్రతి కూలీ చేతా మోయిస్తే ఎంత వస్తుందన్నది మోడెమ్ వేసిన లెక్క. అసలు వేగం అంటే కంపెనీ ఆ లైన్‌కి రాసిపెట్టిన పరిమితిని, లైన్ సత్తాని చూసి రెండు యంత్రాలూ ఒప్పుకున్న వేగం. రెండిట్లో ఏది తక్కువైతే అదే.

గరిష్ఠం 14, అసలు 2 అని ఉంటే అడ్డు ప్లాన్‌దే, పెద్ద ప్లాన్ తీసుకుంటే వేగం పెరుగుతుంది. గరిష్ఠం 3.1, అసలు 3 అని ఉంటే అడ్డు తీగది. అప్పుడు 8 ఎంబీపీఎస్ ప్లాన్‌కి డబ్బు కట్టినా తీగ పొట్టి అవదు. ఈ రెండో రకం ఇళ్లవాళ్లు పెద్ద ప్లాన్‌లకి కట్టిన డబ్బు నిజంగా వృథా. అది తెలుసుకోవడానికి కావలసిన అంకె మోడెమ్ పేజీలోనే ఉండేది, చదివి చెప్పేవారే కరువు. గరిష్ఠం పొద్దున 9, రాత్రికి 5, వానరోజున 2 అంటుంటే తప్పు దూరానిది కాదు, దూరం పూటకోలా మారదు. ఎక్కడో అతుకో రొదో ఉందని అర్థం. అది కంపెనీ బాగుచేయాల్సిన పని.

ఒక మెలిక కూడా ఉంది. కొన్నిచోట్ల పరిమితిని లైన్ మీద కాకుండా ఎక్స్ఛేంజి వెనక ఉన్న సర్వర్‌లో పెట్టేవారు. అలాంటప్పుడు మోడెమ్ పేజీలో అసలు వేగం కూడా పెద్దగానే కనిపిస్తుంది, చేతికి మాత్రం ప్లాన్ వేగమే వస్తుంది. మోడెమ్ తనకీ ఎక్స్ఛేంజికీ మధ్య సంగతే చెప్పగలదు. ఆ పైన ఏం జరిగిందో దానికి తెలియదు. నెల కోటా అయిపోయాక కంపెనీ వేగం తగ్గించినా అంతే, పెట్టె పేజీలో ఒక్క అంకె కూడా మారదు. కోటా అయ్యాక కూడా కనీసం 512 కేబీపీఎస్ ఇవ్వాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2016లో ఆదేశించాల్సి వచ్చింది.

గాజు తీగ లెక్క వేరు

కరోల్ బాగ్ గదిలోని పెట్టె రాగిది కాదు, ఫైబర్‌ది. 2488 అనే అంకె దాని జాతి లక్షణం. ఇళ్లకి ఫైబర్ ఇచ్చేందుకు ఎక్కువగా వాడే జీపాన్ అనే ప్రమాణంలో ఎక్స్ఛేంజి నుంచి బయల్దేరే ఒక గాజు పోగు సెకనుకు 2488 మెగాబిట్లు కిందికి, 1244 మెగాబిట్లు పైకి మోస్తుంది. దారిలో స్ప్లిటర్ అనే చిన్న పరికరం ఆ వెలుగును 32గానో 64గానో చీల్చి ఇళ్లకి పంపుతుంది. దానికి కరెంటు అక్కర్లేదు. అందరి సమాచారమూ అందరి పెట్టెలకీ చేరుతుంది, సంకేతలిపిలో ఉంటుంది కాబట్టి ఎవరిది వాళ్లే విప్పుకోగలరు. పైకి పంపేటప్పుడు మాత్రం ఒక్కో ఇంటికి ఒక్కో క్షణం కేటాయించి వంతులవారీగా పంపిస్తారు.

అంటే 2488 ఒక ఇంటిది కాదు, 32 ఇళ్ల ఉమ్మడి ఆస్తి. అందరూ ఒకేసారి లాగితే ఒక్కొక్కరికీ 78కి కాస్త తక్కువే. అయినా 32 మందికీ 100 ఎంబీపీఎస్ అమ్ముతారు. ఇది మోసమేమీ కాదు. పెళ్లి భోజనాల దగ్గర వెయ్యిమందిని పిలిచి రెండువందల ఆకులే వేస్తారు, అందరూ ఒకే బంతికి కూర్చోరని తెలుసు కాబట్టి. ఇంటర్నెట్ కూడా అంతే, పాఠం చదువుతున్నంతసేపు గదిలో దాదాపు ఏమీ రాదు, పేజీ మార్చినప్పుడే ఒక్క ఊపున వస్తుంది. చిక్కల్లా ఎంతమందికి ఎన్ని ఆకులు అన్నదే. ట్రాయ్ 2009లో ఇళ్లకి ఇచ్చే కనెక్షన్లలో ఈ పంపకం 50 మందికి ఒకటి మించకూడదని చెప్పింది. అంతకు ముందు 2006 నిబంధనల్లో, కంపెనీ నోడ్ నుంచి వినియోగదారు దాకా డౌన్‌లోడ్ వేగం ప్లాన్‌లో చెప్పినదానిలో 80 శాతం పైన ఉండాలన్నది. 2024లో వాటి స్థానంలో కొత్త నాణ్యతా నిబంధనలు వచ్చాయి.

రాగికీ గాజుకీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. రాగి తీగ బలహీనపడితే వేగం మెట్టు మెట్టుగా దిగుతుంది. జీపాన్ అలా దిగదు. ఉంటే 2488, లేకపోతే సున్నా. కాబట్టి ఫైబర్ పెట్టె పేజీలో అందుకోగల వేగం అనే వరుస వెదకడం దండగ. అక్కడ చూడాల్సింది అందుకున్న కాంతి బలం, ఆప్టికల్ పవర్. అది డీబీఎం అనే ప్రమాణంలో మైనస్ 8కీ మైనస్ 27కీ మధ్య ఉండాలి. మైనస్ 27 అంటే ఒక మిల్లీవాటులో అయిదువందల వంతు వెలుగు. దానికంటే తగ్గితే తప్పులు మొదలై లైన్ తెగుతూ కలుస్తూ ఉంటుంది, ఎర్ర దీపం వెలుగుతుంది. తలుపు సందులో నలిగిన పోగు, మరీ మెలితిప్పిన చుట్ట, దుమ్ము పట్టిన కనెక్టరు సాధారణ కారణాలు. మైనస్ 20 అని ఉండి పాఠం ఆగిపోతుంటే నేరం ఈ పోగుది కాదు.

ఇదే గాజు, ఇదే రకం పెట్టె ఎంత వేగం ఇవ్వాలన్నది కంపెనీ కార్యాలయంలోని ఒక సెట్టింగు. 2017 డిసెంబరులో అమరావతిలో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ నెలకి 149 రూపాయలకి ఇళ్లకి 15 ఎంబీపీఎస్ ఇస్తామంది. చాలావరకు కరెంటు స్తంభాల మీదుగానే పల్లెలకి పోగులు లాగింది. పల్లెలో 15కి, ఢిల్లీలో 300కి తేడా గాజులో లేదు, దాని వెనక కొనిపెట్టుకున్న సామర్థ్యంలోనూ ధరలోనూ ఉంది. రాగి రోజుల్లో ఊరికి దూరంగా ఉన్న ఇల్లు శాశ్వతంగా వెనకబడేది. ఫైబర్‌లో ఆ శాపం పోయింది.

చివరి పది అడుగులు

పెట్టె నుంచి మంచం దాకా ఉన్న పది అడుగుల్లో ఫైబర్ లేదు, గాలి ఉంది. ఫోన్‌లో కనిపించిన 72 అక్కడిది. ఆ అంకె కూడా కూలీల లెక్కే. 2.4 గిగాహెర్ట్జ్ వైఫైలో 20 మెగాహెర్ట్జ్ పట్టీలో 52 దారులు సమాచారం మోస్తాయి. ఒక్కో దారిలో విడతకి 6 బిట్లు, అందులో ఆరింట అయిదు వంతులే అసలు సరుకు, మిగతాది తప్పులు దిద్దుకునే ఏర్పాటు. విడతకి 260 బిట్లు. ఒక్కో విడతకి పట్టేది 3.6 మైక్రోసెకన్లు. భాగిస్తే 72.2 ఎంబీపీఎస్. 5 గిగాహెర్ట్జ్‌లో 80 మెగాహెర్ట్జ్ వెడల్పుతో, 234 దారులతో, ఒక్కోదానిలో 8 బిట్లతో ఇదే లెక్క వేస్తే 433 వస్తుంది. ఇవి డీఎస్ఎల్ మోడెమ్ వేసినట్టు దారి దారినీ పరీక్షించి వేసిన పట్టికలు కావు, ఇక్కడ కూలీలందరికీ ఒకే బరువు.

లింక్ స్పీడ్ 72 అంటే, మాట్లాడే అవకాశం వచ్చినప్పుడు ఆ ఫోన్ మాట్లాడే వేగం. ఎంతసేపటికోసారి ఆ అవకాశం వస్తుందన్నది అందులో లేదు. వైఫైలో ఒకరు మాట్లాడుతుంటే మిగతావారు ఆగాలి. ప్రతి మాటకీ అందిందని అవతలివాళ్లు జవాబివ్వాలి. ఈ ఆగడాలు, జవాబులు పోగా లింక్ స్పీడ్‌లో సగం నుంచి మూడింట రెండు వంతులు చేతికొస్తే ఆ గాలి బాగున్నట్టే. 72లో 38 అందుకే వచ్చింది.

పైగా ఆగాల్సింది గదిలోని ముగ్గురి కోసమే కాదు. 2.4 గిగాహెర్ట్జ్‌లో మన దేశంలో 13 ఛానెళ్లు వాడవచ్చు. వాటిలో ఒకదానిమీదొకటి పడకుండా ఉండేవి మూడే: 1, 6, 11. ప్లైవుడ్ చెక్కలతో గదులు విడదీసిన నాలుగంతస్తుల భవనంలో పదిహేను రూటర్లు ఉంటే అవన్నీ ఆ మూడు అరుగుల మీదే సర్దుకోవాలి. పక్క గదిలో ఎవరి ఫోనో దూరంగా ఉండి 6 ఎంబీపీఎస్ వేగంతో గునుస్తుంటే, అదే మూటకి అది 72 వేగం ఫోన్ కన్నా 12 రెట్లు ఎక్కువ సేపు గాలిని పట్టుకుంటుంది. రాత్రి ఎనిమిది, తొమ్మిది గంటల మధ్య అందరూ గదులకి చేరాక పాఠం ఆగిపోవడానికి ఇదొక్కటి చాలు. ఇందులో కంపెనీ తప్పేమీ లేదు, ప్లాన్ తప్పూ లేదు.

లైన్ కుర్రాడి ఫోన్‌లో 90 రావడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. అతని ఫోన్ 5 గిగాహెర్ట్జ్‌కి కలిసింది, అదీ పెట్టెకి రెండడుగుల దూరంలో. 2018లో కేంద్రం 5 గిగాహెర్ట్జ్ పట్టీలో చాలా భాగాన్ని లైసెన్సు అక్కర్లేకుండా వాడుకోనిచ్చాక ఆ దారి బాగా విశాలమైంది. గోడలు దాటడంలో మాత్రం అది 2.4 కన్నా బలహీనం. జనం కిక్కిరిసిన భవనంలో ఆ బలహీనతే మేలు, పక్క గది గోల ఇటు రాదు.

గఫార్ మార్కెట్‌లో రూటర్ కొనబోతే ఇంకో అంకె ఎదురవుతుంది. పెట్టె మీద పెద్ద అక్షరాలతో 300 అని ఉంటుంది. అది రెండు యాంటెన్నాల వైఫై లింక్ స్పీడ్. వెనక కేబుల్ గుచ్చే రంధ్రాలు చాలా చవక రూటర్లలో 100 ఎంబీపీఎస్‌వే. లోపలికి 100 మించి రాని ఇంటికి 300 అని బోర్డు పెట్టడం తప్పుడు లెక్క కాకపోవచ్చు, కొనేవాడికి ఉపయోగపడే లెక్క మాత్రం కాదు. ఈ రంధ్రానికి ఒక గుర్తు ఉంది. తీగతో కలిపి స్పీడ్ టెస్ట్ చేసినప్పుడు ఎన్నిసార్లు చూసినా 94 దగ్గర ఆగిపోతుంది. తీగ మీద వెళ్లే ప్రతి పొట్లంలో 1538 బైట్ల చోటు పడితే అందులో అసలు సరుకు 1448 బైట్లే, మిగతావి చిరునామాలూ ఖాళీలూ. 100లో ఆ వంతు 94.1. ఎవరైనా 300 ప్లాన్‌కి డబ్బు కట్టి 94 చూస్తుంటే ముందు అనుమానించాల్సింది ఈ రంధ్రాన్నే. రంధ్రం గిగాబిట్‌దే అయినా కేబుల్‌లోని నాలుగు జతల్లో ఒక్క పోగు సరిగా బిగించకపోతే కనెక్షన్ చడీచప్పుడు లేకుండా 100కి దిగిపోతుంది. డాబాల మీదుగా లాగి, సందులో కూర్చుని ప్లగ్ బిగించిన తీగలకి ఈ జబ్బు మామూలే.

ల్యాప్‌టాప్‌లో కనిపించిన 4.7 సంగతి చిన్నది. కంపెనీలు వేగాన్ని బిట్లలో చెబుతాయి, ఫైళ్లు దించే సాఫ్ట్‌వేర్ బైట్లలో చెబుతుంది. బైటుకి 8 బిట్లు. 4.7ని 8తో హెచ్చవేస్తే 37.6, స్పీడ్ టెస్ట్ చెప్పిన 38 అదే.

ఇంతకీ పాఠానికి ఎంత కావాలి? హై డెఫినిషన్ వీడియోకి సుమారు 5 ఎంబీపీఎస్ చాలు. ముగ్గురూ చూసినా 15. గదికి 38 వస్తోంది. అయినా బొమ్మ ఆగిందంటే కొరత వేగంలో కాదు, ఆలస్యంలో ఉండే అవకాశమే ఎక్కువ. గాజులో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. ఢిల్లీ నుంచి హైదరాబాదు 1250 కిలోమీటర్లనుకుంటే పోయి రావడానికి 12 మిల్లీసెకన్ల పైన కనీసం పడుతుంది, దాన్ని ఏ ప్లాన్ తగ్గించలేదు. అది పెద్ద ఇబ్బందేమీ కాదు. ఇబ్బంది ఎప్పుడంటే, ఒకరు జవాబు పత్రాల స్కాన్లు పంపుతూ అప్‌లోడ్ దారిని నింపేసినప్పుడు. రూటర్ ఆ పొట్లాలన్నిటినీ వరసలో నిలబెడుతుంది, లైవ్ క్లాసు పొట్లాలు వాటి వెనక చిక్కుకుంటాయి. 12 మిల్లీసెకన్లు కొన్ని వందలవుతుంది. స్పీడ్ టెస్ట్ మాత్రం ఎప్పటిలాగే మంచి అంకె చూపిస్తుంది, ఎందుకంటే అది తన పరుగు తనే పరిగెడుతుంది, అదీ చాలాసార్లు ఢిల్లీలోనే ఉన్న సర్వర్ దాకా.

ఆ గదిలోవాళ్లు 300 ప్లాన్‌కి మారే ముందు చేయగలిగిన పరీక్షకి ఒక గంట చాలు. ల్యాప్‌టాప్‌ని కేబుల్‌తో నేరుగా పెట్టెకి కలిపి, మిగతా ఫోన్లన్నీ వైఫై నుంచి తప్పించి, ఒకసారి రాత్రి ఎనిమిదింటికి, ఒకసారి తెల్లవారుజామున స్పీడ్ టెస్ట్ చేయాలి. రెండుసార్లూ 90 పైన వస్తే కంపెనీ లైన్ మంచిదే, గాలి చెడ్డది. అప్పుడు 300 కొన్నా 72 లింక్ 72 గానే ఉంటుంది. ఫోన్లని 5 గిగాహెర్ట్జ్‌కి మార్చి, ఆ పట్టీ అందని గది ఉంటే అక్కడికి కొన్ని మీటర్ల కేబుల్ లాగితే అసలు చికిత్స అయినట్టే. తెల్లవారుజామున 93, రాత్రి 30 వస్తే ఆకులు తక్కువ, అతిథులు ఎక్కువన్నమాట. రెండు పూటలూ 30 దాటకపోతే ప్లాన్ సెట్టింగులోనో కేబుల్‌లోనో తేడా ఉంది.

ఈ రెండు సందర్భాల్లో ఫిర్యాదు చేయాలి. నెట్ స్లో అని రాస్తే వైఫై మీదకి నెట్టేయడం తేలిక. తేదీ, సమయం, తీగతో కలిపి కొలిచిన వేగం, అదే సమయంలో పెట్టె పేజీలో ఉన్న కాంతి బలం, ప్లాన్‌లో రాసిన వేగం అయిదూ ఒక వరసలో రాసి, మూడు నాలుగు రోజుల కొలతలు జతచేస్తే ఆ కుర్రాడు పెట్టె పక్కన నిలబడి ఫోన్ చూపించి వెళ్లిపోయే వీలుండదు.